గామా గ్లోబిన్‌కు తాళం వేసేదెవరు?

నా చేతిలో ఒక తాడు ఉంది, చూడండి. ఇది 11వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క అనుకుందాం. దీని మీద ఎడమ నుంచి కుడికి ఐదు ముడులు వేశాను: ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా. ఐదూ గ్లోబిన్ జన్యువులే, అంటే రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కు కావలసిన ప్రోటీన్ ముక్కల్ని తయారుచేసేవి. విచిత్రమేంటంటే, మనం ఎదిగేకొద్దీ ఇవి దాదాపు ఇదే వరుసలో రంగంలోకి దిగుతాయి. పిండం తొలి వారాల్లో ఎప్సిలాన్, తర్వాత గర్భస్థ శిశువు కాలేయంలో గామా, పుట్టాక ఎముక మజ్జలో బీటా. డెల్టా ఎప్పుడూ కొద్దిగానే తయారవుతుంది, దాన్ని వదిలేద్దాం.

ఎప్సిలాన్‌కి ఇంకా ఎడమన ఎర్ర రిబ్బన్ కట్టాను కదా, అది లోకస్ కంట్రోల్ రీజియన్, ఎల్‌సీఆర్. దీని నుంచి ప్రోటీన్ ఏమీ రాదు. కానీ ఇది లేకపోతే ఈ జన్యువులు నీరసంగా పడి ఉంటాయి. మరి అంత దూరంలో ఉన్న బీటాను ఎలా లేపుతుంది? తాడును ఇలా వంచుతున్నాను... రిబ్బన్ వచ్చి బీటా ముడిని తాకింది, మధ్యలోది ఉచ్చులా బయటికి వచ్చింది. కణంలోనూ ఇంతే. గాటా1, ఎల్‌డీబీ1 లాంటి ప్రోటీన్లు ఆ ఉచ్చును పట్టి ఉంచుతాయి. ఇదంతా ఎర్రకణం తన కేంద్రకాన్ని బయటికి నెట్టేసేలోపే జరిగిపోవాలి.

రిబ్బన్ బీటా దగ్గరికి రావాలంటే గామా తప్పుకోవాలి. తప్పించేది బీసీఎల్11ఏ అనే ప్రోటీన్. గామా మొదలయ్యే చోటుకు 115 డీఎన్‌ఏ అక్షరాల ముందు కూర్చుని దాన్ని నొక్కేస్తుంది. అందుకే పెద్దవాళ్ల రక్తంలో గామాతో తయారయ్యే శిశు హిమోగ్లోబిన్ మామూలుగా ఒక శాతం లోపే. కొన్ని కుటుంబాల్లో అక్కడ ఒక్క అక్షరం మారి, ఈ తాళం సరిగ్గా పడదు. వాళ్లకు జీవితాంతం శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగానే ఉంటుంది, అయినా ఇబ్బందేమీ ఉండదు. సికిల్ సెల్ (బీటా గ్లోబిన్‌లో లోపం వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) జన్యువు కూడా ఉంటే, జబ్బు బాగా తేలికపడుతుంది.

2023లో అనుమతి పొందిన క్రిస్పర్ (డీఎన్‌ఏను కోరుకున్న చోట కత్తిరించే పద్ధతి) చికిత్స ఈ కిటుకునే వాడుకుంది. అయితే బీసీఎల్11ఏను పూర్తిగా తీసేయలేం, వేరే కణాలకు అది కావాలి. అందుకని ఎర్రకణాల్లో మాత్రమే దాన్ని పెంచే చిన్న స్విచ్‌ను కత్తిరించారు. ఆ కోత పడేది సరిగ్గా గాటా1 వచ్చి కూర్చునే చోట. అవును, ఇందాక ఉచ్చు పట్టుకుంది చూశారే, అదే గాటా1! బీటాను లేపేదీ అదే, గామా తాళానికి చెయ్యి అందించేదీ అదే.