ముళ్లకంచె వెనుక రోహింగ్యాలు

శ్రోతలకు నమస్కారం.

2017 ఆగస్టులో మయన్మార్ సైన్యం రఖైన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన మారణకాండకు తాళలేక, అక్కడి ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాలు ఏడు లక్షల మందికి పైగా కొద్ది నెలల్లోనే సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు చేరుకున్నారు. అసలే కిక్కిరిసిన ఆ దేశం అంతమందిని రానిచ్చిందన్న సంగతి ఒప్పుకున్న తరువాతే ఎవరైనా విమర్శకు పూనుకోవాలి.

రానిచ్చిన ప్రభుత్వమే వారిని క్రమంగా కట్టడి చేసింది. శిబిరాల్లో వెదురుబొంగులు, టార్పాలిన్ పట్టాలతోనే గుడిసెలు వేసుకోవాలి. ఇటుక గోడ లేస్తే వీరిక స్వదేశానికి కదలరన్నది పాలకుల భయం. అనుమతి లేనిదే శిబిరం దాటకూడదు, బయట పని చేయకూడదు. 2019 చివర్లో భద్రత పేరిట ముళ్లకంచెకు పూనుకున్నారు. 2021 మార్చి 22న బాలూఖాలీ శిబిరంలో చెలరేగిన మంటలు గుడిసె నుంచి గుడిసెకు పాకి, సుమారు 45 వేల మందికి నిలువనీడ లేకుండా చేసినప్పుడు, పరుగెత్తిన వారికి ఆ కంచే అడ్డుపడింది. తీగలు తెంచుకొని బయటపడ్డామని కొందరు చెప్పారు. ఎవరి భద్రత కోసం వేసిన కంచె అది?

బంగాళాఖాతంలో ఒండ్రు మేటగా తేలిన భాసన్ చర్ దీవిలో లక్ష మందికి పక్కా ఇళ్లు కట్టి, 2020 డిసెంబరు నుంచి కొందరిని అక్కడికి తరలించారు. ఇళ్లు గట్టివే, కాని చుట్టూ సముద్రం. 2021 ఆగస్టులో అక్కడినుంచి పారిపోతున్న వారి పడవ మునిగి పలువురు చనిపోయారు.

సంపాదించుకునే దారి మూసినప్పుడు బతుకంతా రేషన్ మీదే ఆధారపడుతుంది. 2023లో దాతల నిధులు తగ్గడంతో, మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సాయాన్ని ముందు 10కి, ఆపై 8కి కోశారు. తరువాత పెంచారు గాని, ఆ నెలల్లో పస్తులున్న పిల్లలకు అదేం ఊరట?

మన హైదరాబాదులో, బాలాపూర్ పరిసరాల్లో అద్దెకుండే రోహింగ్యాలు కూలికో, చిత్తుకాగితాలు ఏరడానికో వెళ్లి ఇల్లు నడుపుకుంటారు. బంగ్లాదేశ్‌లాగే భారతదేశం కూడా 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కనుక వారికీ నిర్బంధ భయం తప్పలేదు. అయినా ఆ పూట కూడు వారి రెక్కల మీదిదే.

శరణార్థులను పనికి వదిలితే తమ కూలి రేట్లు పడిపోతాయని శిబిరాలున్న ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల స్థానికులు అంటారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. అయితే కంచె ఉన్నా ఉప్పుమళ్లలోకి, చేపలు ఎండబెట్టే చోట్లకు వారు చాటుగా వెళ్తూనే ఉన్నారు. పట్టుబడతామన్న భయంతో ఇచ్చిందే పుచ్చుకుంటున్నారు. స్థానికుల కూలిని తొక్కేది ఈ దొంగచాటు పనే కనుక, పగటివేళకు పని పర్మిట్లు ఇచ్చి, ఇద్దరికీ ఒకటే కనీస కూలి ఖరారు చేయడం ప్రభుత్వం ముందుగా చేయదగిన పని.