గాలి ఆగాక జరిగేది

అందరికీ నమస్కారం, ముఖ్యంగా పనులు వదులుకుని వచ్చిన ఆశా అక్కలకి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ కళ్లతో చూశారు. నేను చెప్పాలనుకుంటున్నది ఆ తర్వాతి సంగతి. మందస వైపు ఒక ఇంట్లో, రేకుల మీద కాస్త గాలి చప్పుడైతే చాలు, ఆ ఇంటావిడ చేటలో బియ్యం అలాగే వదిలేసి పైకి చూస్తూ ఉండిపోయేది. "గాలేత్తే గుండె దడదడలాడిపోతాది బాబూ" అంది. పక్కింటావిడ తోట కూడా అదే రాత్రి పోయింది, కానీ ఆవిడ కొన్నాళ్లకి తేరుకుంది.

ఈవిడ పిరికిది, ఆవిడ గట్టిది అనేస్తాం. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు. బ్రూయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి, పెద్ద దెబ్బ తిన్నాక ఆ భయం మనసును వదలని ఇలాంటి జబ్బుకి (పీటీఎస్‌డీ అంటారు) దారితీసే 14 అంశాలను 2000లో లెక్కగట్టి చూశారు. చిన్నప్పటి కష్టాలు, ఇంట్లో మానసిక జబ్బులు ఉండడం, ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి. కానీ వాటికంటే కాస్త ఎక్కువ ప్రభావం చూపించినవి ఏమిటంటే దెబ్బ ఎంత పెద్దది, ఆ తర్వాత తోడుగా ఎవరున్నారు, మీద ఇంకెన్ని కష్టాలు పడ్డాయి అన్నవి. పక్కింటావిడకి అన్నదమ్ములు వచ్చి మొక్కలు నాటించారు. ఈవిడ భర్త అప్పు తీర్చడానికి వలస వెళ్లిపోయాడు, నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా వడ్డీ ఆగదు కదా.

డిప్రెషన్ సంగతీ ఇంతే. 1978లో బ్రౌన్, హారిస్ లండన్‌లోని ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో, మనసులో మాట చెప్పుకునే మనిషి లేకపోవడం, ఇంట్లో ముగ్గురు అంతకంటే ఎక్కువ చిన్నపిల్లలు, బయట పని లేకపోవడం, పదకొండేళ్లలోపు తల్లిని పోగొట్టుకోవడం, ఇవి ఉన్నవాళ్లు పెద్ద కష్టం వచ్చినప్పుడు తొందరగా కుంగిపోయారు.

ఒక్క జాగ్రత్త. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకండి, అలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించినంత మాత్రాన జబ్బు రాకుండా ఆగదని పరీక్షించి చూశారు. నిద్ర పడుతోందా, అప్పు ఎంతుంది, కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటావు, ఈ మూడూ అడగండి. నెల దాటినా ఆ రాత్రే కళ్లముందు తిరుగుతోందంటే, లేదా రెండు వారాలుగా దేనిమీదా మనసు లేదంటే, మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి అక్కడే ఫోన్ కలిపి ఇవ్వండి. తెలుగులోనే మాట్లాడతారు.