చెక్ ఇంజన్ లైట్ మిణుకుమంటుంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నారండీ, అడగండి.

శ్రోత: నమస్కారమండీ. మాది పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి దడదడలాడుతోంది, చెక్ ఇంజన్ లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటోంది. కాలు తీస్తే మాత్రం నిలకడగా వెలుగుతోంది. ఇలాగే నడిపి షెడ్డుకు తీసుకెళ్లొచ్చా?

నిపుణుడు: వద్దండి, టో చేయించండి. లైటు నిలకడగా ఉంటే, వేడి, ఆయిల్ ప్రెషర్ మామూలుగా ఉంటే నిదానంగా వెళ్లొచ్చు. మిణుకుమంటే మాత్రం ఏదో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. అక్కడ కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి, అందులో మండుతుంది. ఆ వేడికి లోపలి సెరామిక్ కరిగి పూడుకుపోతే పొగ పోయే దారే ఉండదు. స్పార్క్ ప్లగ్గుతో తీరిపోయే ఖర్చు కన్వర్టర్ దాకా పోతుంది. దారిలో ఉండగా మిణుకుమంటే వెంటనే కాలు తీసి, పక్కకు ఆపి, ఇంజన్ ఆపేయండి.

శ్రోత: ఎత్తులోనే ఎందుకు వస్తోందండీ? ఇంటి ముందు స్టార్ట్ చేస్తే బాగానే ఉంటోంది.

నిపుణుడు: ఆ మాటే సగం జవాబు చెబుతోంది. లోడు పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాప్ దాటాలంటే కరెంటుకు ఎక్కువ వోల్టేజ్ కావాలి. అరిగిన ప్లగ్గు, దానికి ఆ వోల్టేజ్ ఇచ్చే కాయిల్ నీరసించి ఉంటే అదీ, ముందుగా అక్కడే చేతులెత్తేస్తాయి. అదే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు మిస్సయి, రేజ్ చేస్తే సర్దుకుంటుంటే నేను ముందు గాలి లీకు వెతికేవాణ్ణి: పగిలిన వాక్యూమ్ పైపు, ఇన్‌టేక్ గాస్కెట్. స్కానర్‌లో P0300 (ఫలానా సిలిండర్ అని తేల్చని మిస్సింగ్ కోడ్)తో పాటు P0171 (పెట్రోలుకు మించి గాలి ఉందనే కోడ్) కూడా కనిపిస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

వ్యాఖ్యాత: మరి వీరు మొదట ఏం చేయాలి?

నిపుణుడు: స్కానర్ పెట్టాలి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. కోడ్‌ను, దాంతో పాటు నిలిచిపోయిన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను రాసుకోండి. మిస్సయినప్పటి ఆర్‌పీఎం, లోడు, ఇంజన్ వేడి అందులోనే ఉంటాయి. దయచేసి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి లైటు ఆర్పకండి, ఆ సాక్ష్యమంతా పోతుంది. P0301 నుంచి P0304 దాకా మిస్సింగ్ కోడ్‌లో చివరి అంకె సిలిండర్ నంబరు. P0302 అంటే రెండోది.

ఇప్పుడు ఏ పార్టూ కొనకుండా పరీక్షించవచ్చు, ప్రతి ప్లగ్గుకూ విడి కాయిల్ ఉన్న బండి అయితే. ఇంజన్ చల్లారాక రెండో కాయిల్‌ను మూడో దాంట్లో, మూడోదాన్ని రెండో దాంట్లో పెట్టండి. కోడ్ చెరిపి స్టార్ట్ చేయండి. స్కానర్‌లో మిస్‌ఫైర్ లెక్క కనిపిస్తే అదే చూస్తూ ఉండండి. కోడ్ P0303కి మారిందంటే దోషం కాయిల్‌దే. మారకపోతే కాయిల్ మంచిదే, అప్పుడు ప్లగ్గుల్ని అలాగే మార్చి చూడండి.

శ్రోత: ప్లగ్గు తీస్తే ఏం చూడాలండీ?

నిపుణుడు: ముందు ప్లగ్గు కూర్చునే గుంతలోని దుమ్మును గాలితో ఊదేయండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. గుంతలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ దగ్గరి సీలు పోయింది. అది మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే అదీ పాడవుతుంది. తెల్ల పింగాణీ మీద నిలువుగా నల్ల గీత ఉంటే కరెంటు బయటి నుంచి పారిపోతోంది: ప్లగ్గు, కాయిల్ రబ్బరు బూటు రెండూ మార్చాలి. బిగించేటప్పుడు చేత్తో తిప్పి మొదలుపెట్టండి, అల్యూమినియం మర పోతే పెద్ద పని. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గు చేతికి బిగిశాక ఇంకో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. పాతదే తిరిగి వేస్తే అందులో కొంచెం చాలు, వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది. టార్క్ రెంచి ఉంటే మాన్యువల్లోని లెక్కే పాటించండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండి.

శ్రోత 2: కాయిల్, ప్లగ్గు రెండూ కొత్తవి వేశామండీ. అయినా P0302 అలాగే వస్తోంది.

నిపుణుడు: అయితే స్పార్క్ వదిలి పెట్రోలు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి. ఇంజన్ ఆపి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వైరు కనెక్టర్ తీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలిచి, మిగతా మూడింటితో పోల్చండి. ఒకటి మాత్రం తేడాగా ఉంటే దొరికినట్టే. సమానంగా ఉంటే కంప్రెషన్ పరీక్ష. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, కాయిళ్ల కనెక్షన్లు విప్పి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. రెండోది మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు, లేదా హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకు, హెడ్‌కు మధ్య ఉండే సీలు. కూలెంట్ తగ్గుతోందా?

శ్రోత 2: అవునండీ, లీకు మాత్రం ఎక్కడా లేదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడే ఎక్కువ మిస్సవుతోంది.

నిపుణుడు: అయితే హెడ్ గాస్కెట్ మీదే నా అనుమానం. రాత్రంతా కూలెంట్ ఆ సిలిండర్‌లోకి ఊరుతుంది. కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ పెట్టించి, రెండో ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి కెమెరాతో సిలిండర్ లోపల చూడమనండి. తేలేదాకా బండి తీయకండి.

శ్రోత 2: ఇప్పుడు P0420, అదే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్ కూడా వచ్చిందండీ. కన్వర్టర్ ఆర్డర్ పెట్టేయమంటారా?

నిపుణుడు: ఇప్పుడే వద్దు. మిస్సింగ్ ఉండగా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ ఇలాగే పోతుంది. ముందు మిస్సింగ్ ఆపి, కోడ్లు చెరిపి, కొన్నాళ్లు నడపండి. P0420 మళ్లీ వస్తే ఎగ్జాస్ట్ లీకు, కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ చూపించి, ఆ తర్వాతే కన్వర్టర్ సంగతి ఆలోచించండి.