పేజీ నంబరు చెప్పే అభిమాని: మైకేల్ జాక్సన్ అనధికార జీవిత చరిత్రల మీద ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

2012 నవంబరులో అమెరికాలో మైకేల్ జాక్సన్ జీవిత చరిత్ర ఒకటి వచ్చింది. పేరు ‘అన్‌టచబుల్’, రాసింది రాండల్ సల్లివన్, వేసింది గ్రోవ్ ప్రెస్. జాక్సన్ కుటుంబమో, ఆయన ఆస్తులు చూసుకునే ఎస్టేటో రాయించిన పుస్తకం కాదు. అది అమ్మకానికి రాగానే అభిమానుల బృందం ఒకటి ఫేస్‌బుక్‌లోనూ ట్విట్టర్‌లోనూ పిలుపునిచ్చింది. అమెజాన్‌లో ఆ పుస్తకానికి ఒక్క స్టార్ సమీక్షలు కుప్పతెప్పలుగా పడ్డాయి. మెచ్చుకున్న సమీక్షలు కొన్ని మాయమయ్యాయి. పుస్తకం కొద్దికాలం అమ్మకంలో లేకుండా పోతే, ఆ ఘనత తమదేనని ఆ బృందం చెప్పుకుంది. 2013 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఇదంతా వార్తగా రాసింది.

ఆ వార్త చదివినవాళ్ళలో చాలామంది అభిమానుల్ని మూకగా లెక్కగట్టి వదిలేశారు. అది తొందరపాటని నా అభిప్రాయం. ఒక గాయకుడి జీవిత చరిత్రలో తప్పులు పట్టడానికి అభిమానిని మించినవాడు లేడు. ఆ విద్యనంతా తీసుకెళ్ళి ఒక్క స్టార్‌లో పోస్తేనే అది ఎవరికీ పనికిరాకుండా పోతుంది. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో ఉదాహరణలతో చెబుతాను.

మూన్‌వాక్ తేదీతో మొదలుపెడదాం. మన ఊళ్ళలో స్కూలు వార్షికోత్సవం వేదిక మీద కూడా కనిపించే అడుగు కాబట్టి అందరికీ తెలుసు. జాక్సన్ దాన్ని ‘బిల్లీ జీన్’ పాటకు మొదటిసారి జనం ముందు వేసింది 1983 మార్చి 25న, కాలిఫోర్నియాలోని పాసడీనా సివిక్ ఆడిటోరియంలో. అది మోటౌన్ అనే రికార్డింగు సంస్థ 25 ఏళ్ళ వేడుక. టీవీలో ప్రసారమైంది మాత్రం మే 16న. మే 16నే ఆయన వేదికెక్కాడని రాసిన పుస్తకం కనబడితే అభిమాని చటుక్కున పట్టేస్తాడు. ఏడు వారాల తేడాకి ఏముందిలే అనిపించవచ్చు. కానీ ఆ పొరపాటు రచయిత పనితీరు మొత్తాన్ని పట్టిస్తుంది. ప్రసారం తేదీనే ప్రదర్శన తేదీ అనుకున్నాడంటే పాత పత్రికల కత్తిరింపులు ముందేసుకుని రాశాడన్నమాట, ఆ సాయంత్రం హాల్లో ఉన్నవాళ్ళనెవరినీ గట్టిగా అడగలేదన్నమాట. సులువుగా సరిచూసుకోగల తేదీ దగ్గరే ఇలా ఉంటే, ఎవరూ సరిచూడలేని పడకగది సంగతులు రాసినప్పుడు ఎంత జాగ్రత్త పడి ఉంటాడు? పుస్తకాన్ని తూచడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. మీకు బాగా తెలిసిన రెండు మూడు తేదీలు ముందు వెతికి చూసుకోండి, తర్వాతే మిగతా పుస్తకం చదవండి.

ఇక సల్లివన్ పుస్తకం దగ్గరికి వస్తే, అభిమానులకు బాగా మండింది రెండు చోట్ల. ముక్కు ఆపరేషన్ల గురించి రాసిన తీరు ఒకటి. జాక్సన్ జీవితాంతం ఎవరితోనూ శారీరక సంబంధం లేకుండానే పోయాడన్న నిర్ధారణ రెండోది. ఈ రెండోదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఆధారాలు ఎక్కువగా మొగ్గేది ఈ వైపే అంటూ రచయిత ఆ మాట అంటాడు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, ఎవరితోనూ లేదంటాడు. అంటే పిల్లల్ని లైంగికంగా వేధించాడని జాక్సన్ మీద పడ్డ అతి పెద్ద నిందను తోసిపుచ్చే వాక్యమూ అదే, ఆయన రెండు పెళ్ళిళ్ళను ఉత్తుత్తివి చేసే వాక్యమూ అదే. ఒక్క స్టార్ వేసిన సమీక్షల్లో ఎక్కువ భాగం రెండో సగాన్నే చూశాయి. పుస్తకం తెరవకుండా రాసినవాళ్ళకు మొదటి సగం ఉందనే తెలియదు.

అలాగని వాళ్ళ అభ్యంతరంలో పస లేదనలేం. 1994లో జాక్సన్‌ను పెళ్ళాడిన లీసా మేరీ ప్రెస్లీని 1995 జూన్‌లో టీవీ ఇంటర్వ్యూలో సూటిగా ఈ ప్రశ్నే అడిగారు. భర్త పక్కన కూర్చుని, తమది నిజమైన కాపురమేనని ఆమె తడుముకోకుండా చెప్పింది. పేరున్న సాక్షి, తేదీ ఉన్న మాట, ఎవరైనా చూసుకోగల రికార్డు. రచయితది తన ఊహ. ఊహ సాక్ష్యాన్ని కాదంటున్నప్పుడు, ఎందుకు కాదంటోందో చెప్పే బాధ్యత రచయితదే. అభిమాని సమీక్షలో ఈ నాలుగు వాక్యాలూ ఉంటే చాలు, చదివేవాడికి విషయం అందుతుంది. ‘అబద్ధాల పుట్ట, కొనకండి’ అని రాస్తే రచయితకూ పాఠకుడికీ తెలిసేది ఏమీ ఉండదు, కోపం తప్ప.

అనధికార జీవిత చరిత్రలో ప్రతి వాక్యమూ మూడింటిలో ఏదో ఒకటి: కాగితం, సాక్షి, ఊహ. కాగితమంటే కోర్టు రికార్డు, ఒప్పందం, ఆస్పత్రి నివేదిక. సాక్షి అంటే పేరుతో మాట్లాడిన మనిషి. పేరు చెప్పని ‘సన్నిహితుడు’ సగం సాక్షే. మిగిలిందంతా ఊహ. పుస్తకం వెనక ఉండే ఆధారాల పేజీలు ముందు తిప్పండి. ఒక అధ్యాయం తీసుకుని అందులో ఎన్ని సంగతులకు పేరున్న సాక్షి ఉన్నాడో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోండి. ఇద్దరే ఉన్న గదిలో జరిగిన సంభాషణ కొటేషన్లలో కనిపిస్తే ఆ ఇద్దరిలో ఎవరు చెప్పారో చూడండి. ఇద్దరూ చెప్పకపోతే అది రచయిత కల్పించిన సంభాషణ, ఎంత బాగున్నా సరే.

కాగితం విలువ ఎంతో జాక్సన్ విషయంలో బాగా తేలింది. చర్మం తెల్లబడటం గురించి ఏళ్ళ తరబడి పుకార్లు నడిచాయి. బొల్లి వచ్చిందని 1993 ఫిబ్రవరి 10న టీవీ ఇంటర్వ్యూలో ఓప్రా విన్‌ఫ్రేతో ఆయనే చెప్పాడు. చాలామంది నమ్మలేదు. 2009 జూన్ 25న ఆయన చనిపోయాక జరిగిన శవపరీక్ష నివేదిక 2010 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది, బొల్లి ఉందని అందులో స్పష్టంగా ఉంది. ఎముకల గూడులా మిగిలాడని టాబ్లాయిడ్లు, అంటే సంచలన పత్రికలు, రాసిన మనిషి ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 136 పౌండ్లు, అంటే దాదాపు 62 కిలోలు. సన్నటి మనిషే, కానీ గూడు కాదు. ఈ నివేదికను వరసగా చదివి, పుస్తకాల్లోని వాక్యాలతో పోల్చి చూపించింది ఎక్కువగా అభిమానులే. అందుకు వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

అయితే ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. 1991లో అచ్చయిన పుస్తకాన్ని 2010లో వచ్చిన కాగితంతో కొట్టడం సరికాదు. అప్పటికి తెలియని సంగతి రాయకపోవడం తప్పు కాదు, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం తప్పు. కాబట్టి పుస్తకం ఏ ఏడు ముద్రణో చూడకుండా నోరు చేసుకోకూడదు. రాండీ టరబొరెల్లి రాసిన జాక్సన్ జీవిత చరిత్ర మొదట 1991లో వచ్చింది, తర్వాత పెరుగుతూ వచ్చి, 2009లో ఆయన మరణాన్ని కూడా కలుపుకుని మళ్ళీ అచ్చయింది. ఆ పుస్తకం మీద ఇద్దరు అభిమానులు వాదులాడుకుంటుంటే చాలాసార్లు వాళ్ళ చేతుల్లో ఉన్నవి రెండు వేరు వేరు ముద్రణలు.

అభిమానులు తడబడే చోటు ఇంకొకటుంది. ఆయన సొంతంగా చెప్పిందే వేదమనుకోవడం. ‘మూన్‌వాక్’ పేరుతో జాక్సన్ ఆత్మకథ 1988లో డబుల్‌డే సంస్థ వేసింది, అక్కడ సంపాదకురాలు జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్. ముక్కుకు రెండుసార్లు ఆపరేషన్ చేయించుకున్నానని, గడ్డం మీద సొట్ట పెట్టించుకున్నానని అందులో ఒప్పుకున్నాడు. విలువైన పుస్తకమే. కానీ ఆత్మకథ కూడా ఎంపిక చేసుకుని చెప్పేదే. ఆక్సిజన్ గది కథనే తీసుకోండి. 1986లో అమెరికన్ టాబ్లాయిడ్‌లో ఆయన గాజు గొట్టంలో పడుకున్న ఫోటో వచ్చింది, నూట యాభై ఏళ్ళు బతకడానికి అందులో నిద్రపోతున్నాడని కథ కట్టారు. అది కాలిన గాయాల చికిత్సకు వాడే యంత్రమని, ఊరికే లోపల పడుకుని చూశానని ఆయన 1993లో ఓప్రాకు చెప్పాడు. 1984 జనవరి 27న పెప్సీ ప్రకటన షూటింగులో ఆయన తల కాలింది, నష్టపరిహారంగా వచ్చిన 15 లక్షల డాలర్లు చికిత్స చేసిన ఆస్పత్రికే ఇచ్చాడు, కాబట్టి ఆ యంత్రంతో సంబంధం కల్పితం కాదు. టరబొరెల్లి మాత్రం ఆ పుకారు పుట్టడంలో జాక్సన్ చెయ్యి కూడా ఉందని రాశాడు. అభిమానుల్లో ఇప్పటికీ రెండు వర్గాలు. అందులో నిద్రపోలేదన్న మాటా, ప్రచారం కోసం ఫోటో బయటికి పోనిచ్చాడన్న మాటా ఒకదాన్నొకటి కొట్టేయవు. రెండూ నిజమయ్యే వీలుంది. ‘ఆయన కాదన్నాడు కాబట్టి పుస్తకం అబద్ధం’ అనేవాళ్ళు ఈ వీలును చూడటం లేదు.

చెడు సంగతి రాస్తేనే అభిమానికి కోపం వస్తుందన్నది కూడా నిజం కాదు. దీనికి సాక్ష్యం జాక్సన్ కన్నా ముందుతరం గాయకుడు, ఎల్విస్ ప్రెస్లీ. 1981లో ఆల్బర్ట్ గోల్డ్‌మన్ ఎల్విస్ మీద లావుపాటి పుస్తకం రాశాడు. మందుల అలవాటు, తిండి, శరీరం, అన్నీ ఉన్నాయి. అభిమానులు దాన్ని అసహ్యించుకున్నారు, పేరున్న విమర్శకులూ ఉతికి ఆరేశారు. తర్వాత పీటర్ గురాల్నిక్ రెండు సంపుటాలు రాశాడు, 1994లో ఒకటి, 1999లో ఒకటి. రెండో సంపుటం 1958 నుంచి 1977లో ఎల్విస్ మరణం దాకా, అంటే పతనం అంతా చెబుతుంది. మందులు అందులోనూ ఉన్నాయి, ఒక్కటీ దాచలేదు. అభిమానులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. తేడా సంగతుల్లో లేదు. గోల్డ్‌మన్‌కు ఎల్విస్ పుట్టిన దక్షిణాది పేద తెల్లవాళ్ళంటే, వాళ్ళ సంగీతమంటే చిన్నచూపు. గురాల్నిక్‌కు ఆ పాటలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలన్న ఆసక్తి. అందుకే ఒక జీవిత చరిత్ర చేతికొస్తే పాటల అధ్యాయాలు ఎన్ని పేజీలున్నాయో, కుంభకోణాల అధ్యాయాలు ఎన్ని పేజీలున్నాయో లెక్క చూడమంటాను. ‘థ్రిల్లర్’ ఆల్బం రికార్డింగును నాలుగు పేజీల్లో తేల్చేసి, 1993లో వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణలకు రెండు వందల పేజీలిస్తే రచయిత కన్ను ఎటుందో అదే చెబుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. అమెరికాలో చనిపోయినవాళ్ళకు పరువు నష్టం కేసు లేదు. బతికున్న ప్రముఖుడైనా, అబద్ధమని తెలిసే రాశారనో, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోలేదనో రుజువు చెయ్యాలి. 2009 తర్వాత జాక్సన్ పుస్తకాలు వరదలా రావడానికి ఇదీ ఒక కారణం. మన దేశంలో కొంత వేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద, కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో చనిపోయినవాళ్ళ మీద నింద వేసినా నేరం కావచ్చు. 1994లో ఆటో శంకర్ అనే ఖైదీ ఆత్మకథ ప్రచురణ మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇంకో హద్దు గీసింది. వ్యక్తిగత జీవితం గురించి అనుమతి లేకుండా రాయకూడదు, కానీ కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల ఆధారంగా అయితే రాయవచ్చు. ఆ తీర్పు రాసింది మన హైకోర్టులో పనిచేసి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. తెలుగులో గాయకుల మీద పుస్తకం రాయాలనుకునేవాళ్ళు ఎవరైనా ముందు ఆ తీర్పు చదవాలి.

కోర్టు రికార్డుల్లో జాక్సన్ అభిమానులు నిజంగా గట్టివాళ్ళు. పిల్లల వేధింపు ఆరోపణల మీద 2005లో జరిగిన విచారణలో జూన్ 13న ఆయన మీదున్న అభియోగాలన్నింటిలోనూ నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఆ విచారణ వాంగ్మూలాలు వేల పేజీలు. చాలామంది రచయితల కన్నా అభిమానులే వాటిని ఓపిగ్గా చదివారు. అదే చేత్తో, 1993 ఆరోపణల మీద 1994 జనవరిలో కుదిరిన రాజీ ఒప్పందాన్ని కూడా నిర్దోషిత్వానికి రుజువుగా వాడేవాళ్ళున్నారు, అటువైపువాళ్ళు నేరానికి రుజువుగా వాడతారు. రాజీ తీర్పు కాదు, ఎటువైపూ కాదు.

తప్పు కనబడితే ఏం చెయ్యాలి? ముద్రణ ఏడాది, పేజీ నంబరు, అచ్చులో ఉన్న వాక్యం యథాతథంగా, దాన్ని కాదనే కాగితం పేరు, ఆ కాగితం ఎప్పుడు బయటికొచ్చిందో తేదీ, ఈ అయిదూ ఒక పేజీలో రాయండి. ఈ-బుక్‌లో పేజీ నంబరు తెరను బట్టి మారిపోతుంటుంది, కాబట్టి అధ్యాయం పేరు, పేరా మొదటి మాటలు రాయండి. ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ చూసి రాయొద్దు, ముందు పేరా, వెనక పేరా చూడకపోతే రచయిత ఖండించడానికి ఎత్తిచూపిన మాట కూడా రచయిత మాటలాగే కనిపిస్తుంది. ఒక ఉత్తరంలో ఒకే తప్పు రాయండి. ఇరవై తప్పులు కలిపి పంపితే అందులో బలహీనమైన ఒకదాన్ని పట్టుకుని మిగతావి పక్కన పడేస్తారు. దాన్ని ప్రచురణ సంస్థ సంపాదక విభాగానికి పంపండి, గట్టి అట్ట ముద్రణ అయిపోయి పేపర్‌బ్యాక్ రాకముందైతే మరీ మంచిది. దిద్దుబాట్లు జరిగేది ఎక్కువగా ఆ మధ్యలోనే. అదే పేజీని సమీక్షగా కూడా పెట్టుకోవచ్చు, స్టార్లు ఎన్నయినా వేసుకోండి.