స్పైన్ (పుస్తకం వెన్ను) మీద నంబర్‌ని నమ్మొద్దు: కామిక్స్ సంపుటాల్లో ఏ సంచిక తప్పిపోయింది?

[తెర మీద: అరలో వరసగా సంపుటాలు, మధ్యలో రెండు ఖాళీలు]

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరంలో ఉండి ఆన్‌లైన్‌లో పాత కామిక్స్ సంపుటాలు తెప్పించుకునేవాళ్ళ కోసం ఈ వీడియో. డబ్బు పెట్టి కొన్నాక మధ్యలో కథ తెగిపోతుంటే ఒళ్ళు మండుతుంది కదా. ఎందుకలా తెగుతుందో, కొనకముందే ఎలా కనిపెట్టాలో చూద్దాం.

ముందుగా మార్వెల్ ఎపిక్ కలెక్షన్లు, అంటే మార్వెల్ కంపెనీ పాత సంచికలని కలిపి వేసే సంపుటాల వరస. ఇవి 2013లో మొదలయ్యాయి. ఐరన్ మ్యాన్‌లో అందరికంటే ముందొచ్చింది పదో సంపుటం! నంబర్ కథ వరసని బట్టి వేస్తారు, అచ్చు మాత్రం వాళ్ళకి వీలైన వరసలో. ఏడోది వచ్చేసరికి మూడోది మార్కెట్లో దొరక్కపోవచ్చు.

[తెర మీద: మ్యూటెంట్ మాసకర్, 1986]

రెండో తిప్పలు ఇంతకంటే పెద్దది. మార్వెల్ వాళ్ళ మ్యూటెంట్ మాసకర్ అన్న ఈ ఒక్క కథ వేరువేరు సిరీస్‌ల సంచికల్లో, అంటే అన్‌కానీ ఎక్స్-మెన్ 210 నుంచి 213, ఎక్స్-ఫ్యాక్టర్ 9 నుంచి 11, న్యూ మ్యూటెంట్స్ 46, థోర్ 373, 374, పవర్ ప్యాక్ 27లో పరుచుకుని ఉంది. ఎక్స్-మెన్ సంచికలు మాత్రమే వరసగా వేసిన సంపుటం కొంటే, అట్ట మీద లెక్క సరిగ్గానే ఉంటుంది, కథ మాత్రం సగమే. వార్షిక సంచికలూ ఇలాగే జారిపోతుంటాయి.

హక్కుల గొడవ వేరు. 1979లో మొదలై 75 సంచికలు నడిచిన రోమ్ అనే మార్వెల్ కామిక్‌లో హీరో, ఒక ఆటబొమ్మల కంపెనీ పాత్ర. ఆ కంపెనీతో ఒప్పందం అయిపోయాక దశాబ్దాల పాటు సంపుటమే లేదు, 2024లో గానీ రాలేదు. ఇలాంటివాటికి ఎదురుచూడ్డం తప్ప చేసేదేమీ లేదు.

మరి ఏం చెయ్యాలి? శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం ఉంది. కథ ఏ పత్రికలో, ఎప్పుడు పడిందన్నది అక్కడ నమోదు చేస్తారు. మనమూ సంపుటాన్ని కాదు, సంచికని లెక్కపెట్టాలి. నోట్‌బుక్‌లో ఒక సంచికకి ఒక వరస: సిరీస్ పేరు, నంబర్, ఏ సంపుటంలో ఉంది. కొనబోయే పుస్తకం మొదటి పేజీల్లో, అచ్చు వివరాల దగ్గర, అందులో ఉన్న సంచికల జాబితా ఉంటుంది. అమ్మేవాళ్ళని ఆ పేజీ ఫోటో అడగండి. అట్ట ఫోటో పంపి ఊరుకుంటే కొనొద్దు. పుస్తకం చేతికొచ్చాక, వాపసు గడువు దాటకముందే పేజీ పేజీ తిప్పి జాబితాతో సరిచూడండి.

[తెర మీద: పిన్ను తీస్తున్న చేతులు]

తప్పిన సంచికలు విడిగా దొరికితే బైండింగ్ చేయించుకోవచ్చు. ముందు పిన్నులు తీసెయ్యాలి. మన తీరం గాలికి అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. ఆఫీసు రికార్డులకి వేసినట్టు పక్క కుట్టు వేయిస్తే లోపలి మార్జిన్ పోతుంది, రెండు పేజీల మీద పరిచిన బొమ్మలో నడుమ భాగాన్ని మింగేస్తుంది. మడతలోంచే కుట్టమనండి. అంచులు కొయ్యొద్దని బైండర్‌కి రెండుసార్లు చెప్పండి, వినరు. మరీ ఎక్కువ సంచికలు కలిపితే పుస్తకం సరిగ్గా తెరుచుకోదు. ఒక సంచిక ఇంకా దొరక్కపోతే ఆ చోట అంతే మందం వచ్చేలా కాగితపు పట్టీలు కుట్టించండి. దొరికినప్పుడు వాటికే అతికించొచ్చు.