మాటకు రెండేళ్లు, చదువుకు ఏడేళ్లు

సభకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

భాషా విద్యా విధానం మీద ప్రసంగం అనగానే ఏ భాష గొప్పది, ఏ భాషకు అన్యాయం జరిగింది అన్న వాదన వస్తుందని ఎదురుచూస్తారు. ఆ జోలికి ఇవాళ పోవడం లేదు. మాట్లాడుకోవలసింది గంటల గురించి, ఏళ్ల గురించి. విధానపత్రం పీఠికలో ఎన్ని మంచి మాటలున్నా, బడిలో పిల్లవాడి దాకా వచ్చేది టైంటేబుల్ ఒక్కటే. ఏ భాష ఎన్నో ఏట మొదలవుతుంది, రోజుకు ఎంతసేపు, దేని తరువాత ఏది అన్నవే అసలు విధానం. పలు భాషల పిల్లలు ఒకే కప్పు కింద కూర్చునే సమాజాల్లో పొరపాట్లు ఎక్కువగా ఈ లెక్కల్లోనే జరుగుతున్నాయి.

కెనడాలో పనిచేసిన భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ఒక తేడా చూపించాడు. ఆటస్థలంలో మాట్లాడే భాష ఒకటి, పాఠంలో ఆలోచించే భాష మరొకటి అన్నాడు. వలస వచ్చిన పిల్లల ప్రగతిని గమనిస్తే, మొదటిది అబ్బడానికి సుమారు రెండేళ్లు పడుతోంది. రెండోదానిలో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు. ఎందుకింత తేడా? "బంతి ఇటు విసురు" అన్నప్పుడు బంతి కళ్లముందే ఉంటుంది, చేయి చాచి ఉంటుంది, మాట సగం తెలియకపోయినా పని జరిగిపోతుంది. "ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నీరు ఆవిరయ్యే వేగం పెరుగుతుంది" అన్న వాక్యానికి అలాంటి ఊతం ఏదీ లేదు. అర్థమంతా మాటల్లోనే ఉంది. "కొద్దీ" అన్న ఒక్క మాట పట్టుబడకపోతే వాక్యం మొత్తం జారిపోతుంది.

ఇక్కడే ఉపాధ్యాయులు మోసపోయేది. మూడో ఏడు వచ్చేసరికి పిల్ల గలగలా మాట్లాడుతుంది. భాష వచ్చేసిందని అదనపు సాయం ఆపేస్తారు. ఐదో తరగతిలో మార్కులు పడిపోతాయి. అప్పటికి భాష సంగతి ఎవరికీ గుర్తుండదు, తెలివి తక్కువని రాసేస్తారు. కొన్నిచోట్ల ప్రత్యేక అవసరాల విభాగానికి కూడా పంపుతారు. కొత్త భాషలో అడుగుపెట్టిన పిల్లలు కొన్ని నెలలు నోరు విప్పకపోవడం మామూలే. వింటున్నారు, పోగుచేసుకుంటున్నారు. దాన్ని లోపంగా నమోదు చేసేముందు ఇంటి భాషలో ఒక పది నిమిషాలు మాట్లాడించి చూడాలి. రెండు భాషల్లోనూ మాట తడబడితేనే సమస్య ఇంకేదో ఉందనుకోవాలి.

పదాల లెక్క ఒకటి వేద్దాం. రోజుకు ఐదు కొత్త మాటలు గట్టిగా నిలిచాయనుకుందాం, అది మంచి తరగతే. ఏడాదికి 200 పని రోజులు. ఏడాదికి 1000 మాటలు, మూడేళ్లకు 3000. అవి చాలవు. ఒక పుట సాయం లేకుండా అర్థం కావాలంటే వందలో దాదాపు 98 పదాలు తెలిసి ఉండాలని పఠన పరిశోధనలు చెబుతున్నాయి. ఐదింటికి ఒకటి తెలియని పుటను పిల్లలు చదవరు, కంఠస్థం చేస్తారు. మూడో తరగతి దాకా ఇంటి భాష, నాలుగో తరగతి మొదటి రోజు నుంచి అన్ని సబ్జెక్టులూ రెండో భాషలో అనే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఆ రోజు పిల్లవాడి చేతిలో పడేది సరిగ్గా ఇలాంటి పుస్తకమే. నేల విడిచి సాము చేయించడమంటే ఇదే.

ఈ మార్పును వాయిదా వేస్తే రెండో భాష దెబ్బతింటుందన్న భయానికి జవాబు 1970లో నైజీరియాలో మొదలైన ఇఫే ప్రయోగంలో ఉంది. విద్యావేత్త బాబ్స్ ఫఫున్వా నాయకత్వంలో కొందరు పిల్లలకు ఆరేళ్లూ వాళ్ల ఇంటి భాష యొరుబాలోనే అన్ని పాఠాలూ చెప్పారు. ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా, అందుకే తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులతో నేర్పించారు. పోలిక కోసం తీసుకున్న పిల్లలు మూడేళ్ల తరువాత ఇంగ్లీషు మాధ్యమానికి మారారు. ఆరేళ్ల చివర యొరుబా పిల్లలు సబ్జెక్టుల్లో ముందున్నారు, ఇంగ్లీషులోనూ వెనకబడలేదు. అయితే ఆ ప్రయోగంలో ఇంగ్లీషు చెప్పినవారు ఆ పనికే వచ్చిన నిపుణులన్న సంగతి మరిచిపోకూడదు. దాన్ని వదిలేసి మాధ్యమం ఒక్కటీ అనుకరిస్తే అదే ఫలితం రాదు.

ఇంటి భాష మంత్రదండం కాదు కూడా. దక్షిణాఫ్రికాలో 2021 పిర్ల్స్ అనే అంతర్జాతీయ పఠన పరీక్ష పిల్లలు మొదటి మూడు తరగతులు చదివిన భాషల్లోనే జరిగింది. అయినా నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివినదాన్ని అర్థం చేసుకోలేకపోయారు. భాష సొంతదే, మరి చదివించే తీరు? జులూ, షోసా వంటి భాషల్లో ప్రత్యయాలన్నీ అతుక్కుని మాట చాంతాడంత అవుతుంది. ఇంగ్లీషులోలాగా మాటను మొత్తంగా చూపించి గుర్తుపట్టించే కార్డుల పద్ధతి అక్కడ పనికిరాదు. ఎందుకంటే అదే మాట మళ్లీ అదే రూపంలో కనబడేది అరుదు. అలాంటి భాషకు అక్షరం అక్షరం కూడబలుక్కోవడం, ఆ తరువాత ప్రత్యయాలను తుంచి చూపించడం కావాలి. తెలుగు చదివినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. దీనికి తోడు పట్టణాల్లో బడి పెట్టిన "ఇంటి భాష" పిల్లవాడు నిజంగా ఇంట్లో మాట్లాడేది కాకపోవచ్చు.

"మరి కెనడాలో పిల్లలు పరాయి భాషలో చదివి బాగుపడ్డారు కదా" అంటారు. నిజమే. 1965లో క్యూబెక్‌లోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు పిల్లలను కిండర్‌గార్టెన్ నుంచి ఫ్రెంచిలో చదివించారు. వాళ్ల ఇంగ్లీషు చెడలేదు. కానీ షరతులు చూడండి. తల్లిదండ్రులు కోరి పెట్టించుకున్న తరగతి అది. పిల్లలందరూ ఫ్రెంచి రానివాళ్లే, అందరూ ఒకే మెట్టు మీద ఉన్నారు. పిల్ల ఇంగ్లీషులో అడిగినా ఉపాధ్యాయురాలికి అర్థమవుతుంది. రెండో తరగతిలో ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టారు. అన్నిటికీ మించి వీధిలో, రేడియోలో, కొలువుల్లో రాజ్యమేలేది వాళ్ల ఇంటి భాషే. అది పోయే భయం లేదు. బడి భాష వచ్చినవాళ్ల మధ్య ఒంటరిగా కూర్చున్న వలస పిల్లకు ఈ షరతుల్లో ఒక్కటీ వర్తించదు. ఈత నేర్పడం వేరు, నీళ్లలోకి తోసేయడం వేరు. 1974లో అమెరికా సుప్రీంకోర్టు లౌ వర్సెస్ నికొల్స్ కేసులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లల విషయంలో ఇదే తేల్చింది. అందరికీ అవే పుస్తకాలు, అదే పాఠం, అదే ఉపాధ్యాయుడు అంటే సమానత్వం ఇచ్చినట్టు కాదని.

విధానం మంచిదే అయినా జనాభా మారితే ఎలా వంకరపోతుందో లక్సెంబర్గ్ చెబుతుంది. అక్కడ పిల్లలకు చదవడం, రాయడం జర్మన్‌లో నేర్పుతూ వచ్చారు. లక్సెంబర్గిష్ మాట్లాడే ఇంటి పిల్లలకు జర్మన్ దగ్గర బంధువు, ఇబ్బంది లేదు. పోర్చుగీసు ఇళ్ల పిల్లలు పెద్దసంఖ్యలో చేరాక అదే నియమం వాళ్లకు అడ్డుగోడ అయింది. 2022లో నాలుగు బడుల్లో ఫ్రెంచితో అక్షరాలు నేర్చుకునే వీలు కల్పించి చూశారు. ఆ దేశంలో ఇంకో చిక్కుంది. గణితం ప్రాథమిక దశలో జర్మన్‌లో, పై దశలో ఫ్రెంచిలో. జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అన్నట్టు ఒకట్ల స్థానం ముందు పలుకుతారు. విని రాసేటప్పుడు పిల్లలు 12 రాసేయడం ఆశ్చర్యం కాదు.

గణితానికి భాషతో పనిలేదన్న నమ్మకం ఎంత తప్పో ఇక్కడే తెలుస్తుంది. "ఒక సంఖ్య కంటే ఐదు తక్కువ" అని తెలుగులో విన్న పిల్లవాడికి ముందు సంఖ్య, తరువాత ఐదు వినిపిస్తాయి. రాసేటప్పుడూ అదే వరస. ఇంగ్లీషులో ముందు ఐదు, తరువాత తక్కువ, చివర్లో సంఖ్య. విన్న వరసలోనే రాసి ఐదులోంచి సంఖ్యను తీసేస్తాడు. ఈ తప్పు కూడికలు, తీసివేతలు రాక వచ్చింది కాదు. మలేసియా 2003లో గణితం, విజ్ఞానశాస్త్రం ఇంగ్లీషులోకి మార్చి, 2009లో వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించింది. అన్ని సబ్జెక్టుల్లో ముందుగా ఈ రెండింటినే మార్చాలనుకోవడం ప్రతిష్ఠ కోసమే తప్ప బోధన కోసం కాదు.

ఇక పని సంగతి. ముందుగా ఎవరు ఏం మాట్లాడుతున్నారో తెలియాలి. చేరిక ఫారంలో "మాతృభాష" అని ఒక్క గడి ఉంటే, తల్లిదండ్రులు తమ భాష రాయరు, గౌరవం ఉన్న భాష రాస్తారు. లేదా గుమాస్తా అందరికీ ఒకటే నింపేస్తాడు. నాలుగు ప్రశ్నలు కావాలి: పిల్ల మొదట నేర్చిన భాష ఏది, పెద్దవాళ్లు పిల్లతో ఏ భాషలో మాట్లాడతారు, తోబుట్టువులతో పిల్ల ఏ భాషలో మాట్లాడుతుంది, ఏ లిపి చదవగలదు. నోటితో అడిగి రాసుకోవాలి. రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ జవాబులు వేరైతే ఆ ఇంట్లో భాష మారుతోందని అర్థం.

రోజుకు ఐదు గంటల బడికి ఒక టైంటేబుల్ ప్రతిపాదిస్తున్నాను. ఒకటో తరగతిలో రెండో భాషకు అరగంట, అంతా నోటి పనే: ఆటలు, ఆజ్ఞలు, పాటలు. రెండో తరగతిలో 45 నిమిషాలు, ఏడాది చివర్లో కొత్త లిపి. మూడో తరగతిలో గంట, చదవడం రాయడం సహా. నాలుగులో ఆ గంటతోపాటు ఆటలు, బొమ్మల పీరియడ్లు రెండో భాషలోకి. ఐదులో విజ్ఞానశాస్త్రం ప్రయోగాలు, వస్తువు చేతిలో ఉంటుంది కాబట్టి. ఆరులో గణితం. సాంఘికశాస్త్రం అన్నిటికంటే చివర, అది పూర్తిగా మాటలతో నడిచే సబ్జెక్టు. ఆరో తరగతిలో కూడా ఇంటి భాషకు రోజుకు గంట తగ్గకూడదు. లిపి ఎందుకంత ఆలస్యం అంటారా? చదవడం ఒక్కసారే నేర్చుకుంటాం, రెండో లిపికి గుర్తులు మార్చుకుంటే చాలు. రెండూ ఒకే నెలల్లో మొదలుపెడితే గందరగోళమే. రోమన్‌లో "ప" పలికే ఆకారమే రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో "ర" పలుకుతుంది.

ఒకే తరగతిలో ఆరేడు భాషలుంటే ఈ పట్టిక చెల్లదు, ఒప్పుకోవాలి. స్వీడన్‌లో ఒక భాషకు కనీసం ఐదుగురు పిల్లలు, తగిన ఉపాధ్యాయుడు ఉంటే ఆ భాష బోధన ఏర్పాటు చేయడం స్థానిక పాలనా సంస్థల బాధ్యత. మంచి నియమమే. కానీ చాలాచోట్ల ఆ పాఠం బడి గంటలు అయిపోయాక పడుతుంది, ఉపాధ్యాయుడు బడి నుంచి బడికి తిరుగుతూ ఉంటాడు. అలసిన పిల్లకు, పరీక్షలో లెక్కకురాని పాఠానికి ఎంత జత కుదురుతుందో ఊహించుకోవచ్చు. టైంటేబుల్ మధ్యలో చోటివ్వని భాష అలంకారంగానే మిగులుతుంది.

అలాంటి తరగతిలో ఉపాధ్యాయుడికి ఆ భాషలన్నీ రావక్కరలేదు. వేల్స్‌లో విద్యావేత్త కెన్ విలియమ్స్ 1994లో వివరించిన పద్ధతి ఉంది: చదివేది ఒక భాషలో, చర్చించేది, రాసేది మరో భాషలో. పాఠం ముందురోజు ఎనిమిది కీలకమైన మాటలు ఇంటికి పంపండి, ఇంట్లో అర్థాలు అడిగి తెచ్చుకుంటారు. తరగతిలో ఒకే భాష పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు తమ భాషలో మాట్లాడుకోనివ్వండి. జవాబు మాత్రం ఉమ్మడి భాషలో చెప్పాలి. తప్పు చెప్పినప్పుడు ఉపాధ్యాయుడు సరైన వాక్యం తనే చెప్పి ముందుకు పోవడం అలవాటు. పిల్ల దాన్ని సవరణగా గుర్తించదు, తల ఊపుతుంది. ఆగి, "మళ్లీ చెప్పు, అది నిన్న జరిగింది కదా?" అని పిల్ల నోటితోనే సరిచేయించండి. ఒక పాఠంలో ఒకే రకం తప్పు పట్టుకోవాలి. అన్నీ పట్టుకుంటే నోరు మూసుకుంటారు.

ఇంటి భాషలో పుస్తకాలు వేస్తామని ప్రామాణిక భాష పుస్తకాన్ని అనువదించి పంచేవారికి ఒక మాట. ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయులకే అర్థంకాని పారిభాషిక పదాలు అందులో పడతాయి. ముద్రణకు ముందు మూడు తరగతుల్లో చదివించి, పిల్లలు ఆగినచోటల్లా గీత గీయించండి. ఆ గీతలే సంపాదకుడికి పని చెబుతాయి.

చివరగా పరీక్ష, కొలత. ఏ భాషలో చివరి పరీక్ష ఉంటే తల్లిదండ్రులు ఆ భాష బడికే పోతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పరీక్ష మార్చకుండా మాధ్యమం మార్చిన ప్రభుత్వం ఉపాధ్యాయులను రెండు పడవల మీద నిలబెడుతుంది. సబ్జెక్టు ప్రశ్నపత్రంలో ఎడమవైపు ఒక భాష, కుడివైపు ఇంకొకటి ముద్రించి, ఏ భాషలో రాసినా మార్కులివ్వడం పెద్ద ఖర్చు కాదు. దిద్దేవారిని వెతుక్కోవడమే కష్టం, దానికి ముందే జాబితా కావాలి. ఇక విధానం పనిచేసిందో లేదో రెండో ఏడే తేల్చేయకండి. ఆలస్యపు మార్పు పద్ధతిలో రెండో భాష మార్కులు మొదటి మూడేళ్లు తక్కువగానే కనబడతాయి, పాఠ్యక్రమమే అలా అమర్చింది. ఆ మధ్యకాలంలో ఏడాదికి ఒకసారి, ప్రతి బడిలో ఇరవైమంది పిల్లలతో ఇంటి భాషలో ఒక కొత్త పుట చదివించండి. నిమిషంలో ఎన్ని మాటలు సరిగా చదివారు, తరువాత అడిగిన ఐదు ప్రశ్నల్లో ఎన్నింటికి జవాబిచ్చారు అన్నవి రాసిపెట్టండి. రెండో భాషలో అదే పని నాలుగో తరగతి నుంచి. ఒకటో తరగతిలో చేరిన ఆ పిల్లలే ఆరో తరగతి పరీక్ష రాసిన రోజున ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.