శ్రీకాకుళం బండి, మొదటి ల్యాండ్ స్పీడ్ పరుగు: పూర్తి రివ్యూ

నమస్కారం. ఇదిగో, ఈ ఎర్ర బండి మా బావది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, అరసవల్లి వెళ్లే దారిలోనో మీలో కొందరు దీన్ని చూసే ఉంటారు. ఉదయం పాలు తేవడానికీ ఇదే, సాయంత్రం అత్తను గుడికి తీసుకువెళ్లడానికీ ఇదే. ఈ మధ్య బావ ఇదే బండి మీద తన మొదటి ల్యాండ్ స్పీడ్ పరుగు పూర్తి చేశాడు. వాడుకలో లేని ఒక రన్‌వే మీద, అంబులెన్సు పక్కన ఉండగా, కాంతి కిరణాలతో సమయం తీసే యంత్రాల మధ్య. నేను సహాయకుడిగా వెంట వెళ్లాను. బండి ఎలా పనిచేసింది, సన్నాహం ఎంతవరకు ఉపయోగపడింది, మన జిల్లా నుంచి ఇంకెవరైనా ఈ దారిలోకి రావాలనుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ ఈ వీడియోలో చెబుతాను.

నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. మొదటి ప్రయత్నానికి ఈ బండి చాలు. చాలడమే కాదు, ఇంతకంటే శక్తిమంతమైన బండితో మొదలుపెట్టవద్దని కూడా అంటాను. ఇంజిన్ విప్పాలన్న ఆత్రం కొంతకాలం పక్కన పెట్టండి.

ఈ ఆట గురించి తెలియని వారికి రెండు మాటలు. ఇందులో మలుపులు ఉండవు, పక్కన పోటీదారు ఉండడు. తిన్నగా వెళ్లాలి. దారి చివరి భాగంలో కొలిచిన దూరాన్ని ఎంత సమయంలో దాటారో అదే మీ ఫలితం. 1898లో ఫ్రాన్స్‌లో ఒక విద్యుత్ కారు గంటకు 63 కిలోమీటర్లు వెళ్లిందని నమోదు చేయడంతో ఈ లెక్కల పుస్తకం తెరుచుకుంది. 1997 అక్టోబరు 15న నెవాడా ఎడారిలో ఆండీ గ్రీన్ నడిపిన జెట్ కారు థ్రస్ట్ ఎస్ఎస్‌సీ గంటకు 1,227.985 కిలోమీటర్లతో శబ్ద వేగాన్ని దాటింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్న వాళ్లలో ఎక్కువ మంది ఇంటి వెనుక షెడ్డులో పనిచేసుకున్న మామూలు మనుషులు. ఈ ఆట నాకు నచ్చడానికి అసలు కారణం వాళ్లే. ఇంజిన్ పరిమాణాన్ని బట్టి, బండి ఆకారాన్ని బట్టి వేర్వేరు తరగతులు ఉంటాయి. 50 సీసీ బండికి కూడా తన తరగతి, తన రికార్డు ఉన్నాయి. డబ్బున్నవాడి బండితో మీ బండికి పోలికే రాదు.

ఈ ఆటకు పెద్ద వేదిక అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉంది. పేరు బోనెవిల్ ఉప్పు మైదానం. 1949 నుంచి అక్కడ స్పీడ్ వీక్ అనే ల్యాండ్ స్పీడ్ పోటీ జరుగుతోంది. ఉప్పు మాట ఎత్తగానే మన దగ్గర అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: మనకు నౌపాడ ఉంది కదా, అక్కడే పరుగు పెట్టించవచ్చు కదా? బావ తండ్రి సంతబొమ్మాళి వైపు ఉప్పు మడుల్లో పనిచేసినవారు. నేను ఆయననే అడిగాను. "మడిలో నడవాలంటేనే మెత్తగా అడుగు వేయాలి బాబూ, బండి ఎక్కడ నిలుస్తుంది?" అన్నారు. ఆయన మాట నిజం. నౌపాడలో సముద్రపు నీటిని బంకమట్టి మడుల్లోకి పెట్టి, ఎండకు ఆరబెట్టి, పైన కట్టిన ఉప్పును గీకి గట్ల మీద కుప్పలు పోస్తారు. కింద మట్టి తడిగానే ఉంటుంది. ఎటు చూసినా గట్లు. బోనెవిల్ అలా కాదు. పూర్వం అక్కడ ఒక మహా సరస్సు ఉండేది. అది ఎండిపోయాక మిగిలిన ఉప్పు పొర గట్టిపడి, మైళ్ల తరబడి చదునుగా పరుచుకుంది. అక్కడి పెద్ద ట్రాక్ ఐదు మైళ్లు, అంటే ఎనిమిది కిలోమీటర్లు. దాదాపు విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లేంత దూరం, ఒక్క వంపు కూడా లేకుండా. అయినా వాన ముందు ఆ ఉప్పూ, మన ఉప్పూ ఒకటే. వాన వల్ల, ఉప్పు పాడవడం వల్ల 2014లో, 2015లో, మళ్లీ 2022లో స్పీడ్ వీక్ రద్దయింది. తిత్లీ తుఫాను చూసిన మన జిల్లా వాళ్లకు ఆ బాధ విడమరిచి చెప్పనక్కరలేదు.

కాబట్టి మనకు మిగిలింది రన్‌వే. గట్టి నేల, మంచి పట్టు, కానీ దూరం తక్కువ. ఈ తక్కువ దూరమే మా పరుగులో అన్నిటినీ నిర్ణయించింది.

ఇక బండి. 648 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, దాదాపు 47 హార్స్‌పవర్. ఇదే ఇంజిన్ ఇదే కంపెనీ మరో బండి ఇంటర్‌సెప్టర్‌లోనూ ఉంది. కానీ ఇంటర్‌సెప్టర్ మీద నిటారుగా కూర్చుంటాం. జీటీలో హ్యాండిల్ కిందికి ఉంటుంది, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉంటాయి, మనిషి సహజంగానే ముందుకు వంగుతాడు. రోజూ నడపడానికి నడుము నొప్పి. ఈ పనికి మాత్రం అదే వరం. ఎందుకంటే గంటకు వంద కిలోమీటర్లు దాటాక బండి ప్రధానంగా పోరాడేది గాలితో. వేగం రెండింతలైతే గాలి ఎదురు నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఆ బలాన్ని అంత వేగంతో తోయడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. వేగం కేవలం పది శాతం పెరగాలన్నా మూడో వంతు అదనపు శక్తి కావాలి. అంటే 47 హార్స్‌పవర్ కాస్తా దాదాపు 63 కావాలి. అంత శక్తి ఇంజిన్ నుంచి తీయాలంటే లక్షలు పోయాలి. గడ్డం ట్యాంకుకు ఆనించి, మోచేతులు లోపలికి మడిచి, మోకాళ్లు దగ్గర పెట్టుకుంటే గాలి అడ్డు తగ్గుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఈ బండికి ఎంత సత్తా ఉందో తెలియాలంటే 2018 గుర్తు చేసుకోవాలి. అమెరికాకు చెందిన కేలా రివాస్, అప్పటికి 18 ఏళ్ల అమ్మాయి, బోనెవిల్ ఉప్పు మీద కాంటినెంటల్ జీటీ 650తో గంటకు 157 మైళ్లు అందుకుంది. అంటే 250 కిలోమీటర్ల పైమాటే. అది షోరూమ్ నుంచి నేరుగా వచ్చిన బండి కాదు. ఎస్ అండ్ ఎస్ సైకిల్ అనే అమెరికా సంస్థతో కలిసి ప్రత్యేకంగా సిద్ధం చేసినది. మద్రాసు దగ్గర పుట్టిన బండి అక్కడ అంత వేగం వెళ్లిందని చదివిన రోజు నుంచే బావకు ఈ పిచ్చి పట్టింది.

సన్నాహం దగ్గర నేను ఎక్కువ మార్కులు వేసేది బావకు కాదు, మా మెకానిక్‌కు. ఆయనకు అరవై దాటాయి, ఎన్నడూ రేసు చూడలేదు. బావ వెళ్లి, "మేస్త్రి గారూ, ఇంజిన్ తెరిచి కొంచెం బలం పెంచుదాం" అన్నాడు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాబూ, బలం సంగతి తర్వాత. అంత వేగంలో టైరు మీ మాట వినాలి కదా. ముందు టైర్లు మార్చండి, చైను మార్చండి, స్టీరింగ్ బేరింగ్ నన్ను చూడనివ్వండి" అన్నారు. ఆ బేరింగ్‌లో సన్నటి అరుగుదల బయటపడింది. ఊళ్లో నలభై మీద వెళుతుంటే ఎవరికీ తెలియనిది. నూట యాభై మీద అదే హ్యాండిల్‌ను ఊపేయడానికి చాలు. అద్దాలు తీసేశారు, ఆయిల్ బోల్టులు వదులు కాకుండా తీగతో కట్టారు, ట్యూబు వాల్వులకు లోహపు మూతలు పెట్టారు. చేతి మణికట్టుకు తాడుతో కట్టే కిల్ స్విచ్ బిగించారు. మనిషి బండి నుంచి జారితే తాడు లాగుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. బోనెవిల్‌లో తనిఖీ చేసేవారు కూడా ఇలాంటివే అడుగుతారు. ఒంటికి పూర్తి తోలు సూటు, ముఖమంతా కప్పే హెల్మెట్, మణికట్టు దాటే చేతి తొడుగులు తప్పనిసరి. బావ ఖర్చులో పెద్ద భాగం ఈ సూటుకే పోయింది. అది న్యాయమైన ఖర్చు.

పరుగు సంగతి. తెల్లవారుజామున వరుస మొదలైంది. ఎండెక్కాక గాలి పలచబడి ఇంజిన్ కొంత బలం కోల్పోతుంది, అందుకే అందరికీ పొద్దున్నే వెళ్లాలని తొందర. బావ వంతు వచ్చేసరికి ఎండ వచ్చేసింది. పచ్చ జెండా ఊపారు. మొదటి నాలుగు గేర్లు అద్భుతం. ఐదో గేరులో బండి ఇంకా లాగుతూనే ఉంది. ఆరో గేరు వేశాడు. ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా బరువెక్కింది. వీడియోలో వినండి, ఇదిగో ఇక్కడ. అక్కడి నుంచి వేగం దాదాపు పెరగలేదు. ఆరో గేరు హైవే మీద తాపీగా, పెట్రోలు ఆదా చేస్తూ వెళ్లడానికి చేసినది. గాలి అడ్డును ఛేదించాల్సిన చోట ఇంజిన్ చుట్లు పడిపోయి, శక్తి ఎక్కువగా వచ్చే స్థాయి నుంచి జారిపోయింది. ఈ దూరానికి ఐదో గేరే అసలైన ఆఖరి గేరు.

మీటరు సూది 170 మీద నిలిచింది. యంత్రాలు కొలిచిన వేగం రాసి చేతికిచ్చిన చీటీ మీద 158 ఉంది. బావ ముఖం చూడాలి మీరు! కానీ ఇది ఏ కంపెనీ తప్పూ కాదు. ఏ బండి మీటరైనా అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్నది నియమం. అందుకే అన్నీ కాస్త ఎక్కువే చూపుతాయి. ఊళ్లో "నా బండి నూట ఎనభై కొట్టింది" అనేవాళ్లందరి లెక్క ఇదే. బావ అందుకోవాలనుకున్నది గంటకు వంద మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు. బావకు మూడు తక్కువ పడ్డాయి. నాకు మాత్రం 170 కంటే ఆ 158 మీదే ఎక్కువ గౌరవం.

నిర్వహణలో నాకు నచ్చనిది ఒకటుంది. పరుగు ఒకే దిశలో జరిగింది, గాలి వెనుక నుంచి వీస్తోంది. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ రికార్డు కావాలంటే రెండు గంటల లోపు రెండు దిశల్లోనూ వెళ్లి, సగటు చూపాలి. అప్పుడే గాలి చేసిన సాయం గాలికే తిరిగి పోతుంది. రికార్డు ఇవ్వని పోటీ అయినా సరే, తిరుగు పరుగు పెట్టి ఉంటే బావకు తన అసలు వేగం తెలిసేది. ఈ ఆటలో సగటు ఎంత ముఖ్యమో చూడండి. న్యూజీలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల పాటు సొంతంగా మార్చుకుంటూ, 1967లో బోనెవిల్‌లో వెయ్యి సీసీ లోపు తరగతిలో గంటకు 183.59 మైళ్ల రికార్డు పెట్టాడు. ఆ సగటు లెక్కలో పొరపాటు ఉందని ఆయన కొడుకు గమనించాడు. 2014లో దాన్ని 184.087గా సరిచేశారు. అప్పటికి మన్రో పోయి ముప్పై ఆరేళ్లు. అర మైలు తేడా కోసం అంత పట్టుదల! ఇలాంటి నిజాయితీ ఉన్న ఆట కనుకే మన పిల్లలు ఇందులోకి రావాలని కోరుకుంటున్నాను.

బోనెవిల్‌లో కొత్తవారిని ఒకేసారి వదిలిపెట్టరు. మొదటి మెట్టు గంటకు 125 మైళ్ల లోపు. అక్కడ అదుపుగా నడిపి చూపిస్తేనే 150కి, ఆ తర్వాత 175కి లైసెన్సు పెంచుతూ పోతారు. మన జీటీ 650 మార్పులేమీ లేకుండా ఆ మొదటి మెట్టులోనే ఉంటుంది. అందుకే మొదట్లో ఇంకా శక్తిమంతమైన బండి వద్దన్నాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. దయచేసి ఎవరూ పదహారో నంబరు జాతీయ రహదారి మీద దీన్ని ప్రయత్నించకండి. రణస్థలం వైపు, నరసన్నపేట వైపు రాత్రిపూట ఖాళీగా కనిపించే రోడ్డు మీదికి ఎప్పుడు ఆవు వస్తుందో, ఎప్పుడు రాంగ్ రూట్‌లో ట్రాక్టరు వస్తుందో ఎవరికీ తెలియదు. అక్కడ వేగం కొలిచేవారు లేరు, అంబులెన్సు లేదు, చచ్చేది మీరొక్కరే కూడా కాదు. రన్‌వే పోటీకి డబ్బు కూడేవరకు ఆగండి. బావ ఆగాడు.

ఇప్పుడు ఆ మూడు కిలోమీటర్ల సంగతి. లెక్క ప్రకారం 158 నుంచి 161కి వెళ్లడానికి ఆరు శాతం శక్తి ఎక్కువైతే చాలు, లేదా గాలి అడ్డు అంత మేర తగ్గినా చాలు. పరుగు వీడియో ఆపి చూస్తే బావ కుడి మోచేయి బయటికి పొడుచుకుని ఉంది, తల ట్యాంకుకు జానెడు పైన ఉంది. అది సరిదిద్దుకోవడానికి ఇంటి వరండాలో బండిని స్టాండు మీద నిలిపి సాధన మొదలుపెట్టాడు. మేస్త్రి గారు వెనుక చైను చక్రం (స్ప్రాకెట్) పళ్లు పెంచి బిగిస్తున్నారు, దాంతో ఆరో గేరు కూడా పనికొస్తుంది. ఇంజిన్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తర్వాతి పోటీ చీటీ చేతికి రాగానే, ఆ అంకె ఎంతైనా సరే, ఇక్కడే చూపిస్తాను.